ఆ ముక్కను జేబులో వేసుకోకు నాయనా

ఏం నాయనా, పొద్దున ఆరింటి నుంచి ఆ కారు కిందే ఉన్నావు. ఎండ నెత్తికెక్కింది. లేచి ఈ అరుగు మీదికి రా. వేపచెట్టు నీడ ఇంకా పోలేదు, బండ చల్లగానే ఉంది. చేతులు తర్వాత కడుక్కుందువు గానీ, ముందు ఆ చొక్కా జేబులో వేసుకున్నది ఏందో చూపించు.

నేను చూశాలే. గేర్‌బాక్సు కింది బోల్టు విప్పావు, నల్లనూనె తొట్టిలోకి దిగింది, చివర్లో ఏదో టింగుమని పడింది. నూనెలో వేళ్లు పెట్టి తీశావు. ప్యాంటుకు తుడిచి ఎండలో ఒకసారి తిప్పి చూశావు. ఇంటి వాకిలి వైపు చూశావు, అమ్మాయి బయటికి రాలేదని తెలుసుకున్నావు, గబుక్కున జేబులో వేసుకున్నావు. ఆ వెంటనే కొత్త ఆయిల్ డబ్బా మూత తీయబోయావు. అప్పుడే నేను కేకేసింది.

తిట్టడానికి పిలవలేదప్పా. నీ వయసు పిల్లల్లో ఎంతమందికి ఈ ఓపిక ఉంది? ఇంజన్ ఆయిల్ అయితే అందరికీ గుర్తుంటుంది. గేర్‌బాక్సులోనూ నూనె ఉంటుందని, దానికీ ఒక వయసు ఉంటుందని తలుచుకునేవాళ్లు తక్కువ. నువ్వు తలుచుకున్నావు. రేపు పెళ్లాన్నీ, చంటిదాన్నీ ఎక్కించుకొని కడప దాకా పోవాలి, బండిని చక్కబెట్టుకుందాం అనుకున్నావు. నాలుగు మూలలా స్టాండ్లు పెట్టి సమంగా నిలబెట్టావు, జాకీ ఒక్కదాన్ని నమ్ముకొని కిందికి దూరలేదు. పై బోల్టు ముందు విప్పి, కొత్త నూనె పోసే దారి ఉందని చూసుకున్నాకే కింది బోల్టు మీద పాన వేశావు. అది తెలియక నూనె అంతా దించేసి, పై బోల్టు ఊడక తలపట్టుకున్న వాళ్లను నేను చాలామందిని చూశా. నువ్వు అట్లా చెయ్యలేదు.

ఇంత బాగా చేసినవాడివి చివర్లో ఆ ఒక్క చిన్న పని దగ్గర తొందరపడ్డావు. నా మాటంతా ఆ ఒక్కదాని గురించే.

మన సీమలో బోరు వేసేటప్పుడు చూశావు కదా. నేల లోపల ఏం జరుగుతుందో ఎవరికి కనపడుతుంది? రైతు గట్టు మీద కూర్చొని పైకొచ్చే పొడిని చూస్తాడు. తెల్లగా వస్తోందా, ఎర్రగా వస్తోందా, తడి తగిలిందా, పలుకులు ఎంత లావున్నాయి అని పిడికిట్లోకి తీసుకొని నలిపి చూస్తాడు. మూడు వందల అడుగుల లోతు కబురు ఆ పిడికెడు పొడిలో ఉంటుంది. గేర్‌బాక్సు కూడా అట్లాంటి మూసిన పెట్టే. ఏళ్ల తరబడి ఏం మాట్లాడదు. నూనె మార్చే రోజే దాని నోరు తెరుచుకుంటుంది. ఇవాళ తెరుచుకొని నీ చేతిలో ఒక మాట పెట్టింది. నువ్వు దాన్ని వినకుండా జేబులో వేసుకున్నావు.

మనం కర్నూలు జిల్లా వాళ్లం నాయనా. తొలకరి పడిందంటే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో జనం వజ్రాల కోసం నేల చూసుకుంటూ నడుస్తారు. ఎక్కడెక్కడి వాళ్లో చెట్ల కింద వంట చేసుకొని రోజుల తరబడి వెతుకుతారు. ఒక మెరుపు రాయి కంటపడితే పారేస్తారా? కడుగుతారు, ఎండకు పట్టి చూస్తారు, కొంగున ముడేసుకుంటారు, తెలిసినవాడికి చూపిస్తారు. నూటికి తొంభైతొమ్మిది ఉత్త రాళ్లే. అయినా చూపిస్తారు. లాభం వస్తుందేమో అన్న రాయి మీద అంత శ్రద్ధ పెడతామే, నష్టం రాకుండా కాపాడే ముక్క మీద అందులో కాస్తయినా పెట్టవద్దా?

సరే, ఇటివ్వు. ఆ గిన్నెలో కాస్త డీజిల్ పోసుకొని రా. మీ పెద్దమ్మ పాత తెల్ల పంచె ముక్క ఇస్తుంది, అదీ పట్టుకురా.

ముందు బోల్టు చూద్దాం. దీని కొసన అయస్కాంతం ఉంది, చూశావా? దాని మీద నల్లగా కాటుకలా మెత్తటి ముద్ద పట్టింది. రెండు వేళ్ల మధ్య రుద్ది చూడు. గరుకు లేదు, పలుకు లేదు. ఇది అరుగుదల. పళ్లకు పళ్లు ఒరుసుకునే చోట ఇంత రజను రాకుండా ఉండదు, దాన్ని పట్టి ఉంచడానికే అయస్కాంతం పెట్టారు. దీన్ని చూసి భయపడకు. తుడిచి మళ్లీ బిగించు, వాషరు మాత్రం కొత్తది వెయ్యి. కొన్ని బండ్లలో ఈ అయస్కాంతం బోల్టుకు కాకుండా పెట్టె అడుగున విడిగా బిళ్లలాగా ఉంటుంది. నూనెతో పాటు అది జారి బయటికి వస్తే, ఏదో పనికిరాని ఇనుప ముక్క అనుకొని పారేసినవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు తొట్టిలో నూనె చూడు. ఎండలో పసుపుపచ్చ మెరుపు ఏమైనా ఉందా? అది అయస్కాంతానికి అంటదు, ఇత్తడి జాతిది. గేరు మార్చేటప్పుడు చక్రాల వేగాన్ని కలిపే సింక్రో రింగులు చాలా బండ్లలో ఆ లోహంతోనే చేస్తారు. కాస్త తళుకు ఉంటే సరే. ఎక్కువుంటే రింగులు అరుగుతున్నట్టు. ఇక్కడొక మాట. గేరాయిల్ కొనేటప్పుడు కొట్టువాడు ఏదిస్తే అది తెచ్చుకోవద్దు. డబ్బా మీద జీఎల్-4 అనో, జీఎల్-5 అనో రాసి ఉంటుంది. జీఎల్-5లో గంధకం కలిసిన మందు ఎక్కువ వేస్తారు, బరువు లాగే వెనక యాక్సిల్ పళ్లకు అది మంచిది. జీఎల్-4 అడిగిన గేర్‌బాక్సులో అది పోస్తే కొన్నిసార్లు ఇత్తడి రింగులకు కీడు చేస్తుంది. మీ జేజి కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచేదా? కాచదు. గిన్నే మంచిదే, పులుసూ మంచిదే, రెండూ కలవకూడదు అంతే. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ నూనె రాశారో అదే పొయ్యి.

ఇక నీ ముక్క. డీజిల్లో కడిగాక చూడు ఎంత తేటగా కనపడుతోందో. జొన్నగింజ కంటే కాస్త పెద్దది. అయస్కాంతానికి టక్కున అంటుకుంది, ఉక్కే. తెల్లగా, తేలిగ్గా ఉండి అంటకపోతే పెట్టె గోడే పగిలిందేమో అని భయపడాల్సి వచ్చేది, పెట్టె అల్యూమినియంతో పోస్తారు కాబట్టి. సన్నగా సూదిలాగా, నున్నటి పుల్లలాగా ఉంటే బేరింగు లోపలిది. వంకీ తిరిగిన తీగ ముక్క అయితే లాకు విరిగినట్టు. ఇది అవేవీ కాదు. ఒక వైపు నున్నగా అద్దంలా ఉంది, రెండో వైపు విరిగిన చోట పంచదార పలుకుల్లా గరుకుగా ఉంది. ఆ గరుకు ఇంకా మెరుస్తోంది. ఎప్పుడో విరిగి అడుగున పడి ఉంటే అంచులు గుండ్రబడేవి, మెరుపు పోయేది. ఇది ఈమధ్య విరిగిందే.

నేను మేస్త్రిని కాదు, తీర్పు చెప్పను. నలభై ఏళ్లు బండి తోలినవాడిగా నా అనుమానం చెప్తా. ఇది గేరు పన్ను మూల. చాలావరకు రివర్స్ గేరుది.

ఎందుకన్నానో తెలుసా? రోజూ సాయంత్రం నువ్వు ఈ సందులో కారు తిప్పుకుంటావు. బండి ముందుకు ఇంకా పాకుతుండగానే రివర్స్ వేస్తావు. గర్రుమంటుంది. ఆ శబ్దం నా అరుగు మీదికి వినపడుతుంది, విన్నప్పుడల్లా నా పళ్లు జివ్వుమంటాయి. ముందుకు పోయే గేర్లకు సింక్రో ఉంటుంది, నీ తొందరను కొంత అది సర్దుకుంటుంది. చాలా బండ్లలో రివర్సుకు అది ఉండదు. తిరుగుతున్న పళ్ల మధ్యకు పళ్లను తోసేస్తున్నావు. క్లచ్చి తొక్కి, బండి పూర్తిగా ఆగనిచ్చి, రెండంకెలు లెక్కపెట్టి వేస్తే ఆ శబ్దమే రాదు. ఆ రెండంకెల ఓపిక లేక విరిగిన పన్నేమో ఇది. అదే నిజమైతే, బండి చెడిందని నువ్వు కొట్టువాణ్ణో, కంపెనీవాణ్ణో అనుకోవద్దు. ఇది నీ చేతి ముక్క.

ఎట్లాగూ అలవాట్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు చెప్పనివ్వు. దారంతా ఎడమచెయ్యి గేర్ రాడ్డు మీద పెట్టుకొని తోలుతావు, ఠీవిగా ఉంటుందని. ఆ చేతి బరువు లోపల గేర్లను జరిపే ఫోర్కు మీద పడుతుంది, అది తిరిగే స్లీవును ఒత్తుకుంటూ అరుగుతుంది. చెయ్యి స్టీరింగు మీద ఉండాలి. రెండోది, ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేస్తావని మీ నాన్న అన్నాడు. గువ్వలచెరువు ఘాట్లో ఆ పని ఎప్పుడూ చెయ్యకు. ఆ దిగుడులో బండిని పట్టి ఉంచేది గేరే. బ్రేకు ఒక్కదాని మీద బరువంతా వేస్తే అది కాగి చేతులెత్తేస్తుంది. ఈ రెండూ ఇంతటితో చాలు.

గువ్వలచెరువు అన్నాను కదా, ఆ మాట నోటికొస్తే నాకు ఒక రాత్రి గుర్తొస్తుంది.

మీ నాన్న అప్పటికి ఇంకా బడికి పోయేవాడు. నాకు అద్దెకు తిప్పే అంబాసిడర్ ఉండేది. ఒక షెడ్డులో గేరాయిల్ మార్పిస్తుంటే ఇట్లాగే అడుగున ఒక ముక్క వచ్చింది. మేస్త్రి ఊళ్లో లేడు, పని నేర్చుకుంటున్న పిల్లోడు ఉన్నాడు. 'పాతదేలే అన్నా, ఎప్పటిదో అడుగున పడి ఉంటుంది' అన్నాడు. ఆ మాట నాకు ఎంత తియ్యగా వినిపించిందో చెప్పలేను. ఎందుకంటే మరుసటి రోజు పెళ్లి బాడుగ ఉంది. రాయచోటిలో చుట్టాలను ఎక్కించుకొని రాత్రికి కడప చేర్చాలి. బాక్సు దింపితే రెండు రోజులు పోతుంది, బాడుగ పోతుంది. పాతదేలే అంటే పాతదే అనుకున్నా. ఆ ముక్కను జేబులోనే వేసుకున్నా నాయనా, నువ్వు వేసుకున్నట్టే.

రాయచోటిలో బయలుదేరాం. బండిలో పెళ్లికూతురి మేనమామ, ఆయన భార్య, వాళ్ల అమ్మ, ఒక చంటిబిడ్డ. గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొనుక్కున్నారు. ఘాట్ దిగుతుంటే సెకండు గేరులో లోపల ఏదో కడకడలాడింది, గేరు దానంతట అదే ఎగిరి న్యూట్రల్లోకి పడింది. బండి పరుగందుకుంది. మళ్లీ గేరు వెయ్యబోతే రాడ్డు కదలలేదు. బ్రేకు, హ్యాండ్ బ్రేకు రెండూ పట్టి, కొండ వైపు రాళ్లకు బండి పక్కను ఒరిపించి ఆపాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ ముసలమ్మ మాత్రం బిడ్డను గుండెకు హత్తుకొని ఎంతసేపు వణికిందో.

రాత్రి ఆ దారిన వాహనాలు తక్కువ. లారీ ఒకటి ఆగి ఆడవాళ్లను ఎక్కించుకుంది, చోటు లేక మేనమామ నాతో ఉండిపోయాడు. తెల్లవారి కడప చేరేసరికి ముహూర్తం దాటిపోయింది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపంలోకి తేవాల్సిన మేనమామ ఆయన. ఆయన బదులు ఇంకెవరో తెచ్చారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. బాడుగ డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. నేను వద్దన్నా పెట్టాడు. ఆ తర్వాత ఆ ఇంటివాళ్లు నా బండి ఎప్పుడూ పిలవలేదు. బాక్సు విప్పి చూస్తే రెండు పళ్లు పూర్తిగా పోయి, వాటి ముక్కలు మిగతా వాటిని నమిలేశాయి. ముందే విప్పి ఉంటే ఒక్క గేరుతో పోయేది.

ముక్క ఊరికే విరిగి పడి ఉండదు, అది చెప్పాలి నీకు. విరిగిన చోటు ఇంకొంచెం విరుగుతుంది. రాలిన ముక్క తిరిగే పళ్ల మధ్యకు పోతే బాగున్నదాన్నీ విరగ్గొడుతుంది. కొత్త నూనె పోస్తే శబ్దం తగ్గుతుంది, మనసుకు నిమ్మళంగా ఉంటుంది. పన్ను మాత్రం మళ్లీ మొలవదు.

నా సంగతి చిన్నది, పెళ్లిలో ఒక గంపతో పోయింది. పెద్దగా పోయినవీ ఉన్నాయి. 2009 ఏప్రిల్ 1న స్కాట్లాండ్ తీరానికి దగ్గర్లో సూపర్ ప్యూమా హెలికాప్టర్ ఒకటి సముద్రంలో కూలింది. నడి సముద్రంలో నూనెబావి మీద పని ముగించుకొని ఇళ్లకు వస్తున్నవాళ్లు 14 మంది, నడిపేవాళ్లు ఇద్దరు. 16 మందిలో ఒక్కరూ మిగల్లేదు. హెలికాప్టర్ గేర్‌బాక్సులో కూడా ఇట్లాగే రజను పట్టే అయస్కాంతాలు ఉంటాయి. సరిగ్గా వారం ముందు, మార్చి 25న, అందులో ఒకదానికి చిన్న లోహపు పలుకు అంటుకొని కనిపించింది. వాళ్లు దాన్ని పారెయ్యలేదు. చూశారు, తయారుచేసిన కంపెనీని అడిగారు. కానీ అడిగినవాళ్లు ఒకటి చెప్పారు, విన్నవాళ్లు ఇంకొకటి అర్థం చేసుకున్నారు. లోపల ఏ అరను విప్పి చూడాలో దాన్ని విప్పలేదు. ఇంకో 36 గంటలు ఎగిరాక లోపలి పళ్లచక్రం ఒకటి పగిలి, పైన తిరిగే రెక్కలే ఊడిపోయాయి.

చూడు, వాళ్లేమీ అజాగ్రత్త మనుషులు కాదు. అడగడం వరకూ అడిగారు. పూర్తిగా అడగలేదు, పూర్తిగా విప్పలేదు. అందుకే చెప్తున్నా, రేపు మేస్త్రిని 'ఏదో చిన్న ముక్క వచ్చింది భాయ్, పర్వాలేదు కదా' అని ఫోన్లో అడగవద్దు. అట్లా అడిగితే పర్వాలేదనే అంటాడు. నువ్వు అడిగిన తీరులోనే జవాబు ఉంది. ముక్కను ఆయన అరచేతిలో పెట్టి 'ఇది యాడిది?' అని అడుగు.

అదే ఏడాది సెప్టెంబరు 2 కూడా నాకు గుర్తొస్తుంది. నీకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. హైదరాబాదు బేగంపేట నుంచి చిత్తూరుకు బయలుదేరిన హెలికాప్టర్ మన నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఆయనతో ఉన్న నలుగురు పోయారు. ఆ రాత్రంతా ఊళ్లలో ఎవరూ నిద్రపోలేదు. మరుసటి రోజు పొద్దున కబురు తెలిసింది. ఆ దుఃఖం ఇంకా ఆరకముందే, నెల తిరిగేసరికి తుంగభద్ర, హంద్రి పొంగి మన ఊరి మీద పడ్డాయి. ఆ ఏడాదిని నేను మరిచిపోలేను.

గేర్‌బాక్సు వల్ల ఆ హెలికాప్టర్ కూలిందని నేను అనడం లేదు. చెడు వాతావరణంలో కిందికి తోసే బలమైన గాలిలో చిక్కుకొని పడిందని విచారణ సంఘం తేల్చింది. కానీ ఆ నివేదికలోనే ఇంకో మాట ఉంది. చివరి నిమిషాల్లో నడిపేవాళ్లు గేర్‌బాక్సు ఆయిల్‌కు సంబంధించిన ఒక ఇబ్బంది కనపడి, ఏం చెయ్యాలో పుస్తకంలో వెతుక్కుంటూ ఆరు నిమిషాలకు పైగా ఆ పనిలోనే మునిగిపోయారని. ఆ సంగతి పేపర్లో చదివినప్పటి నుంచి నా మనసులో ఉండిపోయింది. బయట మబ్బు, కింద అడవి, చేతిలో పుస్తకం. దారి మీద ఉన్నప్పుడు మనిషికి రెండు వైపులా చూసే తీరిక ఉండదు నాయనా. చూడాల్సింది ఇంటి ముందర, బండి స్టాండ్ల మీద ఉన్నప్పుడే చూడాలి. ఇప్పుడు నీ బండి స్టాండ్ల మీద ఉంది. ఇంతకంటే మంచి సమయం నీకు దొరకదు.

అట్లాగని గుండెలు బాదుకోనక్కర్లేదు. నీది సెకండ్‌హ్యాండ్ బండి. ముందు వాడినవాడు ఎప్పుడైనా బాక్సు విప్పించి ఉండవచ్చు, అప్పటి ముక్క ఏదో అడుగున మిగిలి ఉండవచ్చు. విరుపు మెరుస్తోంది కాబట్టి నాకు నమ్మకం లేదు, కానీ ఉండవచ్చు. అదైతే మేస్త్రి చూసి చెప్తాడు, నీకు ఒక పూట పోతుంది. కాకపోతే బాక్సు దింపుతాడు, ఒక గేరు మారుస్తాడు, కొంత డబ్బు పోతుంది. రెండింటిలో ఏదైనా నువ్వు తట్టుకోగలవు. చిన్నగా ఉన్నప్పుడు పట్టుకున్నది ఏదైనా మనిషి తట్టుకోగలడు.

ఆ పంచె ముక్కను తొట్టికి అడ్డం పెట్టి నూనె మొత్తం వడకట్టు. ఇంకేమైనా ముక్కలు దొరుకుతాయేమో చూడు. దొరికినవి కడిగి కాగితంలో పొట్లం కట్టు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీసుకో, ఎంత ఉందో తెలియడానికి. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఆ కాగితం మీదే రాయి. ఈమధ్య గేరు ఏమైనా ఎగురుతోందా, ఊళ లాంటి శబ్దం ఏమైనా వస్తోందా, గుర్తు తెచ్చుకొని అదీ రాయి. వడకట్టిన పాతనూనె డబ్బాలో పోసి మూత పెట్టి షెడ్డుకే ఇచ్చెయ్యి. ఆ వేపచెట్టు మొదట్లో పొయ్యొద్దు, బోరు దగ్గర అసలే వద్దు. ఎండాకాలం వస్తే ఒక్కో బిందెకు మనం పడే పాటు నీకు తెలుసు, ఉన్న కాస్త నీళ్లలో నల్లనూనె కలుపుకుంటామా?

ఇప్పుడు అసలు మాట అడుగుతా. ముక్క దొరకగానే వాకిలి వైపు ఎందుకు చూశావు?

అమ్మాయి భయపడుతుందని. ప్రయాణం ఆగిపోతే మామగారి ముందు చిన్నబోతావని. 'పోయిన నెలే కదా బండి బాగుందన్నావు' అంటుందని. ఇవన్నీ నిజమే, నేను కాదనను. కానీ ఆ అమ్మాయి ఆ బండిలోనే కూర్చుంటుంది. ఒడిలో చంటిది. ఆ ముక్క సంగతి తెలుసుకునే హక్కు ఆమెకు నీకంటే ఎక్కువే ఉంది. నువ్వు జేబులో వేసుకున్నావంటే ఆమె వంతు నిర్ణయం కూడా జేబులో వేసుకున్నట్టు.

నా కాలు చూస్తున్నావు కదా. బొటనవేలు లేదు. షుగరు ఉందని రాసిన రిపోర్టు మీ పెద్దమ్మకు చూపించకుండా ఆరు నెలలు ఈ చొక్కా జేబులోనే పెట్టుకొని తిరిగా. చెప్తే తియ్యటి టీ ఆపేస్తుందని, కంగారు పడుతుందని. చెప్పులోంచి ముల్లు గుచ్చుకున్న పుండు మానలేదు. వేలు తీసేసిన రోజు ఆస్పత్రి బయట బెంచీ మీద కూర్చొని ఆమె నన్ను అడిగింది ఒకటే. 'నాకెందుకు చెప్పలేదు?' అని. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

కడప ఎక్కడికీ పోదు. దేవుని కడప గుడి అక్కడే ఉంటుంది, పెద్ద దర్గా అక్కడే ఉంటుంది, మీ అత్తగారు అక్కడే ఉంటారు. రేపు తప్పనిసరిగా పోవాలంటే బస్సుంది. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా పోయే బస్సులు పొద్దున నుంచి ఉంటాయి, పాపకు కిటికీ పక్క సీటు పట్టుకో. దగ్గర దగ్గర రెండు వందల కిలోమీటర్ల దారి, ఉగ్గాని కట్టించుకొని కూర్చుంటే తెలియకుండా పోతుంది. బండి ఇక్కడే స్టాండ్ల మీద ఉండనీ. ఖాళీ బాక్సుతో స్టార్ట్ చెయ్యొద్దు, షెడ్డు దాకా అయినా తోలుకుపోదామని అనుకోవద్దు. మేస్త్రినే ఇక్కడికి పిలుద్దాం. పాత మనిషి, మాట తొందర లేదు, నా అంబాసిడర్ బాక్సు విప్పింది ఆయన చేతులే. పొద్దున ఏడింటికి వస్తాడు, నేనూ ఇక్కడే కూర్చుంటా.

ఇదిగో, నీ ముక్క. పొట్లం కట్టి ఇస్తున్నా. జేబులో వద్దు, చేతిలో పట్టుకో. లోపలికి పోయి ముందు అమ్మాయికి చూపించు. తర్వాత కడపకు ఫోన్ చేసి, రేపు కారులో రావడం లేదని మీ మామకు చెప్పు.